కోళ్ల ఫారంలో బయోసెక్యూరిటీ: రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బ్రాయిలర్లు (మాంసం కోళ్లు), లేయర్లు (గుడ్ల కోళ్లు) పెంచే రైతుల కోసం రాసిన పేజీ ఇది. ఇక్కడ చెప్పిన కొలతలు మన దగ్గర ఎక్కువగా ఉండే పక్కలు తెరిచిన షెడ్లకు సరిపోతాయి.

బయోసెక్యూరిటీ అంటే వారానికి రెండుసార్లు మందు కొట్టడమేనా?

కాదు. మందు కొట్టడం అందులో చిన్న భాగం, అదీ చివర్లో వచ్చేది. రోగాన్ని మోసుకొచ్చేది ఏదైనా సరే, కోడి దాకా రాకముందే దాన్ని ఆపాలి. ఆపాలంటే ఇటు బయట, అటు లోపల అని కంటికి కనిపించే గీత ఒకటి ఉండాలి. ఆ గీత లేని ఫారంలో ఎంత ఖరీదైన మందు కొట్టినా, ఎవరో ఒకరు బజారు చెప్పులతో లోపలికి నడిచిన నిమిషంలో ఆ డబ్బు వృథా. ఈ పేజీలో మందుల గురించి కన్నా గీతల గురించే ఎక్కువ ఉంటుంది.

బర్డ్ ఫ్లూ గాలిలో వస్తుంది కదా, మనం ఆపగలిగేది ఏముంది?

చాలా ఉంది. పక్కపక్కనే ఉన్న షెడ్ల మధ్య దుమ్ముతో పాటు వైరస్ కొంత దూరం పోవచ్చు. కానీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అది ప్రయాణం చేసేది మాత్రం రెట్ట అంటిన వస్తువుల మీదే: చెప్పులు, లారీ టైర్లు, గుడ్ల ట్రేలు, కోళ్ల బోనులు, మేత సంచులు, కూలీల బట్టలు. వలస పక్షులు, బాతులు దాన్ని ఒక ప్రాంతానికి తెస్తే, అక్కడి నుంచి షెడ్డు లోపలికి తెచ్చేది చాలాసార్లు మనిషే.

బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ రెట్టలో 4 డిగ్రీల చలిలో 35 రోజుల దాకా బతుకుతుంది. 37 డిగ్రీల వేడిలో దాదాపు ఆరు రోజులు. మన దేశంలో ఈ రోగం మొదట బయటపడింది 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్రలోని నవాపూర్‌లో. నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో 2024 ఫిబ్రవరిలో వచ్చింది. గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరుల్లో 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అన్నీ చలికాలం చివరి రోజులే. అప్పటికి కొల్లేరు, పులికాట్, నేలపట్టు దగ్గర వలస పక్షులు నిండుగా ఉంటాయి, తడి రెట్ట త్వరగా ఎండదు. నవంబరు నుంచి మార్చి దాకా గేటు దగ్గర పట్టు బిగించాలని చెప్పేది ఇందుకే.

షెడ్డు గుమ్మం దగ్గర గీత ఎలా ఏర్పాటు చేయాలి?

ఫారం మొత్తంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. గుమ్మం లోపలి గదిలో అడ్డంగా, గోడ నుంచి గోడ దాకా ఒక దిమ్మె కట్టండి. అడుగున్నర ఎత్తు, కూర్చోడానికి వీలుగా అడుగు వెడల్పు చాలు. సిమెంటు ఇటుకలతో కట్టి పైన నున్నగా పూయండి. దిమ్మెకు బయటివైపు చెప్పుల స్టాండు, లోపలివైపు షెడ్డు చెప్పుల స్టాండు పెట్టండి. సబ్బు, నీళ్ల కుళాయి దిమ్మెకు ఆనుకుని ఉండాలి.

లోపలికి వెళ్లే మనిషి దిమ్మె మీద కూర్చుంటాడు. బయటి చెప్పులు బయటే విడుస్తాడు. కాళ్లు నేలకు తగలకుండా లోపలికి తిప్పి, షెడ్డు చెప్పులు తొడుక్కుంటాడు. చేతులు సబ్బుతో కడుక్కుని లేస్తాడు. బయటికి వచ్చేటప్పుడు ఇదే వరుస తలకిందులుగా. మొత్తం అర నిమిషం పని.

ఒక్కో షెడ్డుకు ఒక్కో రంగు చెప్పులు కొనండి. నీలం చెప్పులు రెండో షెడ్డు ముందు కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే తప్పు తెలిసిపోతుంది. కూలీల పాదాల కొలతలు తీసుకుని కొనాలి. ఆరో నంబరు చెప్పుల్లో తొమ్మిదో నంబరు పాదం పట్టదు, ఆ మనిషి రెండో రోజు నుంచి సొంత చెప్పులతోనే నడుస్తాడు. డాక్టరుకు, సూపర్‌వైజరుకు అదనంగా రెండు జతలు ఉంచండి.

ఈ గీత తెగిపోయే చోటు ఒకటుంది: మేత తోపుడు బండి. దిమ్మె దాటదు కాబట్టి దాన్ని పక్క తలుపులోంచి తోసుకుపోతారు, చక్రాలతో పాటు బురద వెళ్తుంది. రెండు బండ్లు పెట్టుకోవాలి, ఒకటి బయట, ఒకటి లోపల. మేత సంచులను బయటి బండి మీంచి దిమ్మె పక్కన అదే ఎత్తులో ఉన్న అరుగు మీదకు వేసి, అక్కడి నుంచి లోపలి మనిషి అందుకోవాలి. సంచి అడుగు నేలను తాకకూడదు.

ఫుట్‌బాత్ (చెప్పుల అడుగు ముంచే మందు తొట్టి) పెట్టాం, రోజూ మందు పోస్తున్నాం. అది చాలదా?

చాలదు. రెట్ట, బురద అంటిన అడుగును మందులో ముంచి తీస్తే మందు పైపొరనే తాకుతుంది. గట్టిగా అంటుకున్న ముద్ద లోపల వైరస్ హాయిగా ఉంటుంది. పైగా ఆ మట్టి మందునే చంపేస్తుంది. పర్మాంగనేట్ ఊదా రంగు నీళ్లు మన దగ్గర చాలా ఫారాల్లో కనిపిస్తాయి, కానీ నాలుగైదు మురికి చెప్పులు ముంచేసరికి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు వచ్చిందంటే మందు అయిపోయినట్టే.

ముందు ఒక తొట్టిలో మామూలు నీళ్లు, గట్టి బ్రష్షు. అక్కడ అడుగు రుద్ది కడిగాక రెండో తొట్టిలో మందు. పది లీటర్ల నీళ్లకు 300 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపితే సుమారు ఒక శాతం క్లోరిన్ వస్తుంది. ఎండ తగిలితే అది గంటల్లో బలం కోల్పోతుంది కాబట్టి తొట్టి నీడలో, మూత కింద ఉండాలి. రోజూ మార్చాలి, మురికిగా కనిపిస్తే ఇంకా ముందే. గ్లుటరాల్డిహైడ్ కలిసిన మందులు మట్టిని కాస్త బాగా తట్టుకుంటాయి, వాటి మోతాదు సీసా మీద చూసి కలపండి. వానాకాలంలో తొట్టి నిండి మందు పలచబడిపోతుంటే పొడి సున్నం పరిచిన ట్రే నయం.

చెప్పులు మార్చే దిమ్మె ఉంటే ఫుట్‌బాత్ దానికి తోడు. దిమ్మె లేకుండా ఫుట్‌బాత్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

గేటు దగ్గర లారీ టైర్లు మునిగే గుంత కట్టాలా?

కట్టగలిగితే సరిగ్గా కట్టండి, లేదంటే స్ప్రే చాలు. లారీ టైరు మీటరు వ్యాసం అనుకుంటే చుట్టుకొలత మూడు మీటర్ల పైనే ఉంటుంది. టైరు మొత్తం తడవాలంటే గుంత కనీసం నాలుగైదు మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల లోతు ఉండాలి. ఐదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతుకు 2,250 లీటర్ల నీళ్లు పడతాయి. అంత నీటికి మందు కలిపి, దాన్ని వారానికి రెండు మూడుసార్లు మార్చేవాళ్లు అరుదు. చాలాచోట్ల అది ఆకులు తేలే మురికి గుంతగా మిగులుతుంది. పై కప్పు, డ్రైనేజీ లేకుండా కట్టిన గుంత ఉన్నా లేనట్టే.

ప్రెషర్ స్ప్రేయర్‌తో టైర్లు, టైర్ల పైనుండే మడ్‌గార్డులు, లారీ అడుగు భాగం తడపడం తక్కువ మందుతో మంచి పని. మందు తగిలాక పది నిమిషాలు బండిని ఆపండి. వెంటనే లోపలికి పోనిస్తే తడిసిందంతే, వైరస్ చావదు.

ఎక్కువమంది మరిచిపోయేది డ్రైవరు క్యాబిన్. ఉదయం నుంచి నాలుగు ఫారాలు తిరిగిన చెప్పులు పెట్టిన చోటది. డ్రైవరును కిందికి దిగనివ్వకండి. దిగాల్సి వస్తే గేటు దగ్గరే మీ చెప్పులు ఇవ్వండి. మేత గోడౌను, గుడ్ల గది ఫారం కంచెకు ఆనుకుని, బయటివైపు తలుపుతో కట్టుకుంటే బండ్లు లోపలికి రావాల్సిన అవసరమే ఉండదు. కొత్తగా కట్టేవాళ్లు ఈ ఒక్కటి ప్లానులోనే పెట్టుకోండి. తర్వాత మార్చాలంటే గోడలు పగలగొట్టాలి.

గుడ్ల ట్రేలు వాడి వాడి తిరిగి వస్తాయి. వాటిని ఏం చేయాలి?

గోదావరి జిల్లాల గుడ్లు పశ్చిమ బెంగాల్, బీహార్, అస్సాం దాకా పోతాయి. ఆ లారీల్లో తిరిగి వచ్చే ట్రేలు ఎన్ని ఫారాల గుడ్లు మోశాయో, ఏ మార్కెట్లో ఏ కోళ్ల బోనుల పక్కన పేర్చారో ఎవరికీ తెలియదు. లేయర్ ఫారానికి ఇంతకన్నా పెద్ద తెరిచిన తలుపు లేదు.

అట్ట ట్రేలను శుభ్రం చేయడం కుదరదు. అట్ట తడిస్తే నానిపోతుంది, పొడిగా పైపైన కొడితే మందు లోపలికి దిగదు. అవి ఒకసారి బయటికి పోతే తిరిగి రాకూడదు. ప్లాస్టిక్ ట్రేలు ఖరీదు ఎక్కువ, కానీ కడగొచ్చు. గేటు బయట రెండు తొట్లు పెట్టండి. మొదటి దాంట్లో డిటర్జెంటు నీళ్లలో బ్రష్షుతో రుద్ది, మంచి నీళ్లతో జాలించాలి. రెండో తొట్టిలో 100 లీటర్ల నీటికి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే సుమారు 500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 500 భాగాలు) క్లోరిన్. అందులో పది నిమిషాలు ముంచి, ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే లోపలికి. సబ్బు నురగతోనే మందు తొట్టిలో ముంచొద్దు. క్వాటర్నరీ అమోనియం మందులైతే సబ్బు తగలగానే పని చేయడం మానేస్తాయి.

ఇంకో దారి ఉంది: మీ ఫారం లోపల తిరిగే ట్రేలు ఒక రంగు, వ్యాపారి ట్రేలు ఇంకో రంగు. గుడ్లు గది గుమ్మంలోనే ఒక ట్రే నుంచి ఇంకో ట్రేలోకి మారతాయి. అక్కడ కొంచెం కూలీ ఖర్చు అవుతుంది, గుడ్లు కొన్ని పగులుతాయి. అయినా పెట్టదగిన ఖర్చే.

వ్యాక్సిన్ గ్యాంగు, ముక్కులు కత్తిరించేవాళ్లు, లోడింగ్ కూలీలు వస్తారు. వాళ్లను ఆపలేం కదా?

ఆపక్కర్లేదు, మార్చి పంపాలి. వాళ్లు రోజుకో ఫారం తిరుగుతారు, కోడిని చేత్తో పట్టుకుంటారు. అందుకే వాళ్లకు మీ బట్టలు, మీ చెప్పులు, తలకు కట్టుకునే గుడ్డ ఇవ్వాలి. గేటు దగ్గర స్నానానికి ఒక గది, బకెట్టు, సబ్బు ఉండాలి. ముక్కు కత్తిరించే మిషను, వ్యాక్సిన్ సిరంజి తుడిచాకే లోపలికి రావాలి. వీలైతే ఇవి సొంతంగా కొనుక్కోండి.

రోగం ఉందని అనుమానం ఉన్న ఫారంలో పని చేసినవాళ్లు మూడు రోజులు మీ దగ్గరికి రాకూడదు. గేటు దగ్గర పుస్తకంలో పేరు, తేదీ, ముందు ఎక్కడికి వెళ్లి వచ్చారు అనేది రాయించండి. రేపు రోగం వస్తే అది ఎటు నుంచి వచ్చిందో వెతకడానికి ఆ పుస్తకమే ఆధారం.

ముసలి కోళ్లను తీసుకుపోయే లారీ, బోనులు మరీ ప్రమాదం. అవి మార్కెట్ల నుంచి వస్తాయి. బోనులు షెడ్డులోకి రానివ్వకండి. కోళ్లను మీ మనుషులే గుమ్మం దాకా తెచ్చి అందించాలి. బ్రాయిలర్లలో ఒకే షెడ్డును నాలుగు రోజులుగా కొంచెం కొంచెం ఖాళీ చేయడం చాలా చెడ్డ అలవాటు. మొదటి రోజు వచ్చిన బోనులతో వచ్చిన రోగం మిగిలిన కోళ్లలో మూడో రోజుకు కనిపిస్తుంది.

షెడ్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు పని చేస్తుంటే నిబంధనల బోర్డు తెలుగులో ఒక్కటే పెట్టి లాభం లేదు. వాళ్ల భాషలోనూ రాయించండి, బొమ్మలు వేయించండి.

కూలీల ఇళ్ల దగ్గర నాలుగు నాటు కోళ్లు ఉంటే ఏమవుతుంది?

ఆ నాలుగు కోళ్లు మీ పదివేల కోళ్లతో ఒకే మందలో ఉన్నట్టే లెక్క. నాటు కోళ్లకు చాలావరకు టీకాలు వేయరు, పెంటకుప్పల మీద తిరుగుతాయి, కొక్కెర రోగం (న్యూకాజిల్ వ్యాధి) వాటిలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఉదయం ఇంట్లో వాటికి నూకలు వేసి, అదే చేత్తో షెడ్డులో కోళ్లను ఎత్తుతారు. ఫారం ఆవరణలో గాని, కూలీల ఇళ్లలో గాని కోళ్లు, బాతులు, పావురాలు ఉండకూడదని పనిలో పెట్టుకునే రోజే చెప్పాలి. ఊరికే వద్దంటే వినరు, వినాలని అనుకోవడమూ న్యాయం కాదు. వారానికి ఇన్ని గుడ్లు, నెలకు ఇన్ని కోళ్లు ఫారం నుంచే ఇవ్వండి.

సంక్రాంతి ముందు పందెం కోళ్లు ఊళ్లు మారతాయి, బరిలో ఒకదాని రక్తం ఒకదానికి అంటుకుంటుంది. పందేలకు వెళ్లినవాళ్లను, యజమాని అయినా సరే, మూడు రోజులు షెడ్డు దగ్గరికి రానివ్వకండి.

కోతలయ్యాక డెల్టా పొలాల్లో మేతకు తోలుకొచ్చే బాతుల మందల్ని కూడా మరవొద్దు. బాతుల్లో బర్డ్ ఫ్లూ పైకి ఏ లక్షణం చూపకుండా ఉండగలదు. మీ కంచె పక్క చేలో బాతులు దిగితే ఆ వైపు నుంచి మనుషుల రాకపోకలు ఆపండి, ఆ కాలవ నీళ్లు వాడకండి.

తాగే నీళ్లలో బ్లీచింగ్ ఎంత కలపాలి?

వెయ్యి లీటర్ల ట్యాంకుకు 33 శాతం బలమున్న తాజా బ్లీచింగ్ పౌడర్ పది గ్రాములు. అంటే మూడు పీపీఎం పైన క్లోరిన్. కానీ కిరాణా కొట్లో విడిగా అమ్మే పౌడరు బలం చాలావరకు పోయి ఉంటుంది. తెరిచిన సంచి నెల రోజులు ఉంచితే అదీ అంతే. అందుకే గ్రాముల లెక్కతో ఆగకుండా, షెడ్డులో ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న నిప్పుల్ (కోడి నీళ్లు తాగే మొన) దగ్గర నీళ్లు పట్టి క్లోరిన్ కిట్‌తో చూడండి. అక్కడ 2 నుంచి 3 పీపీఎం కనిపించాలి. ట్యాంకు దగ్గర మూడు, చివర సున్నా వచ్చిందంటే పైపుల్లో పాచి పట్టింది, క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోతోంది.

పౌడరును నేరుగా ట్యాంకులో వేయకండి. బకెట్టు నీళ్లలో కలిపి పావుగంట తేరనిచ్చి పైన తేటను మాత్రమే పోయండి. అడుగున మిగిలే సున్నపు మడ్డి నిప్పుళ్లను మూసేస్తుంది. కలిపాక అరగంట ఆగి కోళ్లకు వదలాలి. బోరు నీళ్ల పీహెచ్ ఎనిమిది దాటితే క్లోరిన్ సరిగా పని చేయదు, సిట్రిక్ యాసిడ్‌తో ఏడు లోపుకు తేవాలి. యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను ఒకే బకెట్టులో కలపొద్దు, విషవాయువు వస్తుంది. కాలవ, చెరువు నీళ్లు వాడేవాళ్లు ముందు పటికతో తేర్చాలి. బురద నీటిలో ఎంత బ్లీచింగ్ వేసినా ఆ బురదకే సరిపోతుంది.

టీకా నీళ్లలో ఇచ్చే రోజు?

ఒక రోజు ముందు నుంచి మర్నాటి దాకా క్లోరిన్ ఆపండి. కొక్కెర రోగానికి వేసే లసోటా, గంబోరో రోగానికి వేసే టీకాల్లో ఉన్నది బతికున్న వైరస్, క్లోరిన్ దాన్నీ చంపుతుంది. లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి అరగంట ఆగి, తర్వాత టీకా కలపండి. మిగిలిన క్లోరిన్‌ను పాలపొడి పట్టేసుకుంటుంది. తెల్లవారుజామున, గంటా రెండు గంటల్లో తాగేసేంత నీటిలోనే ఇవ్వాలి.

టీకాలన్నీ వేశాం. ఇంకా ఇదంతా ఎందుకు?

టీకా కోడిని బలపరుస్తుంది, తలుపు మూయదు. రోగ వైరస్ పెద్ద మోతాదులో వస్తే టీకా పడిన మందలోనూ గుడ్లు తగ్గుతాయి, మరణాలు వస్తాయి. గుడ్డిగా టీకాల సంఖ్య పెంచుకుంటూ పోయే బదులు రక్త పరీక్షతో టైటర్లు (రోగాన్ని తట్టుకునే శక్తి కొలత) చూసుకోండి. ఇక హెచ్5ఎన్1కు మన దేశంలో ఫారం కోళ్లకు టీకా వేసే పద్ధతి లేదు, రోగం బయటపడిన చోట కోళ్లను చంపి పూడ్చడమే విధానం. యాంటీబయాటిక్ ఏదీ వైరస్‌ను ఏమీ చేయలేదు.

బ్యాచ్ అయ్యాక షెడ్డు ఎలా శుభ్రం చేయాలి?

వరుస తప్పితే కష్టమంతా పోతుంది. కోళ్లు ఎత్తిన రోజే, లిట్టరు (నేల మీద పరిచిన, రెట్ట కలిసిన పొట్టు) ఇంకా వెచ్చగా ఉండగానే గోడల అడుగున పురుగుమందు కొట్టండి. లిట్టరులో ఉండే నల్ల పురుగులు చల్లబడగానే గోడ పగుళ్లలోకి, స్తంభాల్లోకి దూరతాయి. గంబోరో, మారెక్స్ లాంటి కోళ్ల రోగాల వైరస్‌లను అవి ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు దాటిస్తాయి. గంబోరో వైరస్ ఖాళీ షెడ్డులోనూ నాలుగు నెలల దాకా ఉండగలదు.

తర్వాత లిట్టరు మొత్తం తీసేయాలి, పైకప్పు మీంచి కిందికి బూజు, దుమ్ము దులపాలి. పొడిగా ఊడ్చాకే నీళ్లు. డిటర్జెంటు నీళ్లు చల్లి అరగంట నాననిచ్చి ప్రెషర్‌తో కడగండి. నేల మీద చేత్తో రుద్దితే జిడ్డు తగలకూడదు, తగిలితే మళ్లీ కడగాలి. పూర్తిగా ఆరాకే మందు. తడి నేల మీద కొడితే మందు పలచబడుతుంది.

మందు నీళ్లు చదరపు మీటరుకు 300 మిల్లీలీటర్లు పడాలి. 300 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు షెడ్డు నేలకే 250 లీటర్లు కావాలి. గోడలు, జాలీ, పైకప్పు లోపలివైపు కలిపితే 600 లీటర్లు దాటుతుంది. వీపున మోసే 16 లీటర్ల స్ప్రేయర్‌తో రెండు ట్యాంకులు కొట్టి అయిపోయిందంటే ఆ షెడ్డులో మందు పడలేదన్నమాటే. మట్టి నేలైతే రెండు శాతం కాస్టిక్ సోడా (లీటరుకు 20 గ్రాములు) బాగా పని చేస్తుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఇనుము, అల్యూమినియం మీద పడనివ్వకండి.

నీటి పైపుల్లోకి లీటరుకు 30 మిల్లీలీటర్ల చొప్పున స్థిరీకరించిన హైడ్రోజన్ పెరాక్సైడ్ నింపి రాత్రంతా ఉంచి, తెల్లారి ధారగా వదలండి. వంద మీటర్ల లైనుకు 30 నుంచి 40 లీటర్లు పడుతుంది. ఇది ఖాళీ షెడ్డులోనే.

ఆ తర్వాత 14 రోజులు ఖాళీగా వదలాలి. ఈ లెక్క మందు ఆరిన రోజు నుంచి మొదలు, కోళ్లు అమ్మిన రోజు నుంచి కాదు. కంపెనీ పిల్లలు సిద్ధంగా ఉన్నాయంటూ తొందరపెట్టినా ఈ రోజులు వదులుకోకండి.

ఫ్యూమిగేషన్ (మందు పొగ పెట్టడం) చేయాలా?

పక్కలు తెరిచిన షెడ్డులో వద్దు. పరదాలు కట్టినా పొగ నిలవదు. గుడ్ల గది, మేత గోడౌను లాంటి మూసిన గదులకు ఉపయోగం. వంద ఘనపుటడుగులకు 40 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 20 గ్రాముల పర్మాంగనేట్. ముందు నేల మీద నీళ్లు చల్లి తేమ పెంచండి. వెడల్పాటి మట్టి పాత్రలో ముందు పర్మాంగనేట్ పోసి, దాని మీద ఫార్మలిన్ వంచి, వెంటనే బయటికి వచ్చి తలుపు మూయాలి. ప్లాస్టిక్ బకెట్టు వాడితే వేడికి కరిగి నిప్పంటుకుంటుంది. పాత్ర ఫార్మలిన్ కొలతకు పది రెట్లు పెద్దదిగా ఉండాలి, లేకపోతే పొంగుతుంది. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. మాస్కు లేకుండా, ఒంటరిగా ఈ పని చేయొద్దు.

చచ్చిన కోళ్లను ఏం చేయాలి?

కాలవలో, రోడ్డు పక్కన పడేయడం నేరం, పైగా కాకి, కుక్క వాటిని మళ్లీ మీ షెడ్డు దగ్గరికే తెస్తాయి. పొద్దునా సాయంత్రం రెండుసార్లు ఏరి, మూత ఉన్న డబ్బాలో వేయండి. ఏరిన మనిషి ఆ పని అయ్యాక మళ్లీ కోళ్ల మధ్యకు పోకూడదు.

తెలంగాణలో, రాయలసీమలో మెట్ట నేలల్లో గొయ్యి పని చేస్తుంది: ఆరేడు అడుగుల లోతు, పొరపొరకూ సున్నం, పైన కనీసం మూడడుగుల మట్టి, బావికి, బోరుకు దూరంగా. డెల్టాలో ఇది కుదరదు. అక్కడ నాలుగడుగులు తవ్వితేనే నీళ్లు ఊరతాయి, గొయ్యి కుళ్లు మీ బోరులోకే చేరుతుంది. అక్కడ కంపోస్టు దారి.

ఆరడుగుల చదరపు తొట్టి, ఐదడుగుల ఎత్తు, పైన రేకు. అడుగున ఒక అడుగు మందాన పాత లిట్టరు, తరిగిన గడ్డి. దాని మీద కోళ్లు ఒకే వరుసలో, గోడకు అర అడుగు ఎడంగా. ఆపైన అర అడుగు లిట్టరు. కొంచెం నీళ్లు చిలకరించండి. పిడికిట్లో పట్టి పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. మూడు నాలుగు రోజుల్లో లోపల వేడి 55 డిగ్రీలు దాటాలి, పొడవాటి థర్మామీటరు గుచ్చి చూడండి. వాసన, ఈగలు వస్తే తడి ఎక్కువైంది లేదా పైపొర పలచగా ఉంది. వేడెక్కకపోతే పొడిబారింది. రెండు మూడు వారాలకు రెండో తొట్టిలోకి తిరగేస్తే మళ్లీ వేడెక్కుతుంది. ఇది మామూలు మరణాలకు మాత్రమే. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే అధికారులు చెప్పేదాకా దేన్నీ కదపొద్దు.

ఎలుకలు, పిచ్చుకలు?

పిచ్చుక దూరకుండా ముప్పావు అంగుళం జాలీ. షెడ్డు చుట్టూ మూడు మీటర్ల మేర గడ్డి, చెత్త లేకుండా నేల కనిపించాలి, బట్టబయలు నేల దాటడానికి ఎలుక జంకుతుంది. బ్రోమాడియోలోన్ అనే ఎలుక మందు బిళ్లలను డబ్బాల్లో పెట్టి గోడ వెంట పది మీటర్లకు ఒకటి ఉంచండి. ఒలికిన మేత ఊడ్చకుండా ఎలుక మందు పెట్టి ఫలితం ఉండదు.

మా ఫారంలో పిల్లలు, గ్రోయర్లు (ఇంకా గుడ్లకు రాని ఎదిగే కోళ్లు), లేయర్లు అన్నీ ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఖాళీ చేయలేం.

లేయర్ ఫారాల్లో ఇది సహజం. అలాంటప్పుడు నడిచే వరుసే రక్ష: పొద్దున ముందు పిల్లలు, తర్వాత గ్రోయర్లు, తర్వాత లేయర్లు, జబ్బు షెడ్డు చివర. మనిషి వెనక్కి తిరగకూడదు. పిల్లల షెడ్డుకు వేరే మనిషి ఉంటే మరీ మంచిది. కనీసం ఆ షెడ్డునైనా మొత్తంగా ఖాళీ చేసి మొత్తంగా నింపండి.

కోళ్ల ఎరువు కొనేవాళ్లు చేపల చెరువులకు తీసుకుపోతారు. పర్వాలేదా?

వాళ్ల బండి, పారలు, సంచులు మీ కంచె లోపలికి రాకూడదు. ఎరువును మీ ట్రాక్టరుతో బయటి హద్దు దాకా తెచ్చి పోయండి. కప్పకుండా రోడ్డు మీద పోయే ఎరువు బండి దారి పొడవునా మిగతా ఫారాలకు రోగం చల్లుతూ పోతుంది.

బర్డ్ ఫ్లూ అని ఎప్పుడు అనుమానించాలి? ఎవరికి చెప్పాలి?

పదివేల లేయర్లలో రోజుకు రెండు నుంచి నాలుగు చావడం మామూలు. అది వరుసగా రెండు రోజులు రెట్టింపు అయినా, మేత, నీళ్లు ఒక్కసారిగా తగ్గినా, గుడ్లు హఠాత్తుగా పడిపోయినా ఆగొద్దు. తురాయి నీలంగా మారడం, తల వాయడం, కాళ్ల మీద ఎర్రటి రక్తపు మచ్చలు ఉంటే ఆ గంటలోనే చెప్పండి. కొక్కెర రోగం కూడా ఇలాగే కనిపించగలదు. తేల్చేది ల్యాబే, శాంపిళ్లు భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబ్‌కు వెళ్తాయి.

మండల పశువైద్యాధికారికి ఫోన్ చేయండి, లేదా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు. జంతువుల అంటురోగాల మీద 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం చెప్పడం మీ బాధ్యత. ఫలితం వచ్చేదాకా గేటు మూయండి: కోడి, గుడ్డు, ఎరువు, మనిషి ఏదీ కదలొద్దు. చనిపోయినదాన్ని కోసి చూడొద్దు. రోగం రూఢి అయితే కిలోమీటరు లోపల కోళ్లను చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు.

భయంతో దాచేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: పరిహారం అధికారులు చంపిన కోళ్లకు, నాశనం చేసిన గుడ్లకు, మేతకు వస్తుంది. అంతకు ముందే రోగంతో చచ్చినవాటికి రాదు. దాచిన ప్రతి రోజూ పరిహారం వచ్చే కోళ్ల సంఖ్య తగ్గిపోతూ ఉంటుంది. మంద పడిపోతోందని తెలిసి అగ్గువకు అమ్మేస్తే రోగం పదూళ్లకు పోతుంది.

మనుషులకు ప్రమాదమా?

ఎక్కువ ప్రమాదం జబ్బు కోళ్లను పట్టుకునేవాళ్లకు. ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా చచ్చిన కోళ్లను ముట్టుకోవద్దు. ముట్టుకున్న పది రోజుల్లో జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు కోళ్ల సంగతి ముందు చెప్పండి. 2025లో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి హెచ్5ఎన్1తో చనిపోయింది. పచ్చి మాంసం, పచ్చి గుడ్డు పిల్లలకు పెట్టకండి. లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికించిన కూరతో, గట్టిగా ఉడికిన గుడ్డుతో భయం లేదు.

కొత్త ఫారం ఎక్కడ కట్టుకోవాలి?

కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల్లో నివాసాలకు 500 మీటర్లు, నదులు, కాలవలు, తాగునీటి వనరులకు 100 మీటర్ల దూరం ఉంది. రోగం వైపు నుంచి చూస్తే పక్క ఫారం దూరం అంతకన్నా ముఖ్యం. స్థలం కొనేముందు చలికాలంలో ఒక ఉదయం అక్కడ నిలబడి, కొంగలు, బాతులు ఏ చెరువు మీద దిగుతున్నాయో చూసుకోండి.